వంటింటి గిన్నెలో షేవింగ్ నురగ: చాలునా, చాలదా?

కొత్తబ్రష్:
డబ్బా నురగ మానేసి బ్రష్షు, సబ్బు, రెండంచుల బ్లేడు వేసే రేజరు పద్ధతికి మారి మూడు వారాలైంది. నురగ కలపడానికి వంటింట్లో వాడకుండా పడి ఉన్న పలుచని స్టీలు గిన్నె ఒకటి తెచ్చుకున్నాను. మొదట నురగ బాగానే పొంగుతుంది కానీ, ఒక చెంప గీసి రెండో చెంపకు వచ్చేసరికి బుడగలు విరిగి నీళ్లలా కారిపోతోంది. ఇందుకోసమే తయారుచేసిన, లోపల గట్లున్న పింగాణీ గిన్నె కొనక తప్పదని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజంగా తేడా గిన్నెలోనే ఉందా?

పాతరేజర్:
గిన్నెలోనే ఉంది. పలుచని స్టీలు వేడిని నిలుపుకోలేదు. నురగ చల్లారిందంటే సగం సుఖం పోయినట్లే. మందపాటి పింగాణీ గిన్నెను రెండు నిమిషాలు వేడినీళ్లతో నింపి ఉంచి, ఆ నీళ్లు పారబోసి అందులో నురగ కలిపితే, రెండో విడత గీసేటప్పుడు కూడా గోరువెచ్చగా ఉంటుంది. ఇక లోపలి గట్లు అలంకారానికి పెట్టినవి కావు. నున్నటి స్టీలు మీద బ్రష్షు ఊరికే జారుతుంది. గట్ల మీద వెంట్రుకలు విడివడి గాలి సన్నని బుడగలుగా కలుస్తుంది. పదిహేడేళ్లుగా ఇలాగే గీసుకుంటున్నాను. ఒక్కసారి సరైన గిన్నె కొని సమస్య తీర్చుకోండి.

నిదానం:
పాతరేజర్ గారి మాటల్లో అసలు పని చేస్తున్నది 'వేడినీళ్లతో నింపి ఉంచి' అన్న ముక్క. ఒక గ్రాము స్టీలును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.5 జౌళ్లు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం), పింగాణీకి 0.8 నుంచి 1 వరకు కావాలి. 150 గ్రాముల స్టీలు గిన్నె డిగ్రీకి 75 జౌళ్లు పీల్చుకుంటే, 500 గ్రాముల పింగాణీ గిన్నె 400కు తక్కువ కాకుండా పీల్చుకుంటుంది. అంటే తొందరలో ముందుగా వేడిచేయడం మరచిన రోజున, ఆ ఖరీదైన గిన్నె మీ నురగ వేడిని స్టీలు కన్నా ఐదు రెట్లు లాగేసుకోగలదు. వెచ్చదనమే కావాలంటే చిన్న స్టీలు గిన్నెను వేడినీళ్లున్న పెద్ద గిన్నెలో కూర్చోబెట్టండి. అప్పుడు స్టీలు పలుచగా ఉండడమే మేలు చేస్తుంది.

అయినా కొత్తబ్రష్ గారి ఇబ్బంది వేడితో వచ్చినది కాదు. బుడగలు విరిగి కారిపోవడం సబ్బు తక్కువై గాలి ఎక్కువైనప్పటి లక్షణం. తడిపిన బ్రష్షును బాగా విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పండి. వెంట్రుకల కొసలకు జిగురులాంటి ముద్ద అంటుకున్నాక గిన్నెలోకి వచ్చి, అర చెంచా చొప్పున నీళ్లు చేర్చండి. మొదట మొద్దుగా, మెరుపు లేకుండా ఉంటుంది. తర్వాత పైన పెద్ద బుడగలు తేలతాయి. ఆపకుండా తిప్పుతూ పోతే అవి సన్నబడి, మీగడ మీద వెలుగు పడినట్లు నురగ నిగనిగలాడుతుంది. బ్రష్షు ఎత్తితే నురగ కొన వంగి నిలుస్తుంది. మరొక అనుమానం, మీ నీళ్లు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి కాబట్టి నురగ నిలవదు. ఒక్క రోజు డిస్టిల్డ్ వాటర్‌తో, అదే గిన్నెలో కలిపి చూడండి.

అరచేయి:
అసలు గిన్నె ఎందుకు? ముఖం మీదే బ్రష్షు తిప్పితే సరిపోతుంది.

మూలగూడు:
ఏ గిన్నె అయినా సరే, అల్యూమినియం మాత్రం వద్దు. సబ్బు నురగ పీహెచ్ 9, 10 ప్రాంతంలో ఉండే క్షారం. అల్యూమినియం పైపొర దానికి తట్టుకోలేదు. నా తెల్ల బ్రష్షు బూడిద రంగుకు తిరిగాక గానీ నాకు తెలిసిరాలేదు. ప్లాస్టిక్ గిన్నెకు సబ్బు పరిమళం పట్టిందంటే ఒక పట్టాన వదలదు.

పాతరేజర్:
జౌళ్ల లెక్క బాగుంది కానీ, గట్ల గురించి నిదానం గారు ఒక్క మాటా అనలేదని గమనించగలరు.

నిదానం:
అంటాను. గాలి కలిసేది బ్రష్షులోని వేల వెంట్రుకల నడుమ. దానికి గట్ల సాయం అక్కరలేదు. మీ మాట నమ్మే నేనూ గట్లున్న గిన్నె కొన్నాను. నురగ కోసం అదిమి అదిమి తిప్పడం అలవాటై, మంచి పంది వెంట్రుకల బ్రష్షు ఒకటి ఏడాది తిరగకుండా రాలిపోయింది. అంతకుముందు మాట చెప్పాలంటే, నేను మొదలుపెట్టిన రోజుల్లో గిన్నె మార్చు, బ్రష్షు మార్చు, సబ్బు మార్చు అన్నవారే తప్ప నీళ్ల సంగతి ఎత్తినవారు లేరు. మూడూ మార్చాను. మెడ కింద మంట తగ్గలేదు. విసిగిపోయి ఏడాదిపాటు డబ్బా నురగకే తిరిగి వెళ్లిపోయాను. షోకు కోసం ఎవరేది కొన్నా నాకు అభ్యంతరం లేదు. ఆ షోకుకు అవసరమని పేరు పెట్టి కొత్తవారి చేత కొనిపించడం నాకు నచ్చదు.

పాతరేజర్:
షోకు అన్న మాట వెనక్కి తీసుకోండి. మీరు బ్రష్షును అదిమి పాడుచేసుకుంటే అది గట్ల తప్పు కాదు.

నేనూ వంటింటి గిన్నెతోనే మొదలుపెట్టాను. మేము ఏడుగురం ఉండే ఇల్లు. వారానికి రెండుసార్లు ఆ గిన్నె మాయమయ్యేది. కడిగి బోర్లించిన వాటిలో నుంచి వెతికి తెచ్చుకునేవాణ్ణి. ఒక ఉదయం చూస్తే అందులో స్క్రూలు, పాత తాళంచెవులు పోసి ఉన్నాయి. మరొక రోజు, ఏ గిన్నెలో తిన్నా సబ్బు వాసనే వస్తోందని నా మీద పెద్ద రభస. వంటింటి గిన్నె వంటింటికే తిరిగి పోతుంది, నిదానం గారూ. లోపల గట్లున్న గిన్నెను మాత్రం ఈ పదిహేడేళ్లలో ఎవరూ మరొక పనికి పట్టుకుపోలేదు. అంతమందిలో నాది అని చెప్పుకోవడానికి తెల్లవారుజామున ఆ పదిహేను నిమిషాలు, ఆ ఒక్క గిన్నె ఉండేవి.

నిదానం:
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే నేను జౌళ్ల జోలికి పోయేవాణ్ణే కాదు. షోకు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీకు కావలసి వచ్చింది ఇతరులు ముట్టని గిన్నె. ఆయన అడిగింది నురగ ఎందుకు విరుగుతోందని. ఆయన ఇంట్లో ఎందరుంటారో కనుక్కోకుండానే కొనమన్నారు.

అరచేయి:
ముఖాన్ని ఎవరూ పట్టుకుపోరు. ఊరికే గుర్తుచేస్తున్నాను.

కొత్తబ్రష్:
రెండు రోజులు పరీక్షించాను. మొదటి రోజు మామూలు నీళ్లతోనే, సబ్బు మీద అర నిమిషం తిప్పి కలిపాను. నురగ రెండో చెంప దాకా నిలిచింది కానీ మెడ దగ్గర పలుచబడింది. రెండో రోజు డిస్టిల్డ్ వాటర్ వాడితే సగం సబ్బుకే గిన్నె నిండింది. రెండుసార్లూ అదే స్టీలు గిన్నె. ఇంట్లో మేము నలుగురం. నిన్న సాయంత్రం ఆ గిన్నెలో ఎవరో గుండుసూదులు పోసి ఉంచారు. అడుగున చెరగని సిరాతో నా పేరు రాశాను.

పాతరేజర్:
నీళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. గట్ల సంగతి ఒప్పుకోను. సిరా ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి చెప్పండి.