సియాటెల్ సెంట్రల్ డిస్ట్రిక్ట్‌లో రూమ్ తీసుకోవచ్చా? మార్చ్‌కి వెళ్ళొచ్చా?

ప్రశ్న (కొత్తగా వచ్చిన స్టూడెంట్)

అందరికీ నమస్కారం. ఈమధ్యే వైజాగ్ నుంచి వచ్చాను, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద మాస్టర్స్. క్లాసులు సౌత్ లేక్ యూనియన్‌లో. 23వ అవెన్యూ, జాక్సన్ స్ట్రీట్ దగ్గర నా బడ్జెట్‌లో ఒక రూమ్ దొరికింది. రెడ్‌మండ్‌లో ఉండే మా బాబాయి మాత్రం "అటువైపు నల్లవాళ్ళు ఎక్కువ, వద్దురా" అంటున్నారు. ఇంకోటి, నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి, తను బ్లాక్, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ డే మార్చ్‌కి రమ్మంటోంది. వెళితే వీసాకి ఏమన్నా అవుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు (బోథెల్ నుంచి)

తమ్ముడూ, మీ బాబాయి మాట విను. చదువుకోడానికి వచ్చావు, చదువుకుని ఉద్యోగం చూసుకో. వాళ్ళ గొడవలు వాళ్ళవి, మనకెందుకు చెప్పు.

జవాబు (బీకన్ హిల్ నుంచి)

బోథెల్ అన్నగారూ, మనకెందుకు అని ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ, మీరు ఇవాళ నచ్చిన చోట ఇల్లు కొనుక్కుని కూర్చున్నారంటే ఆ గొడవల పుణ్యమే. ఒకప్పుడు ఇక్కడ చాలా పేటల్లో ఇళ్ళ దస్తావేజుల్లోనే రాసేవారు, తెల్లవాళ్ళు కానివాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని. కొన్నిటిలో ‘ఏషియాటిక్’ అని విడిగా కూడా ఉంటుంది, అంటే మనమూ ఆ లెక్కలోనే. హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి వెళితే "మీరేవిట్లు?" అని అడిగే ఓనర్లు తెలుసు కదా, ఇక్కడ ఆ ప్రశ్న ఏకంగా రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కింది. 1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతులు కోర్టులో చెల్లవంది, అయినా అమ్మేవాళ్ళు అమ్మలేదు, బ్యాంకులు అప్పివ్వలేదు. ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే చట్టాన్ని 1964లో ఓటుకి పెడితే సియాటెల్ జనం రెండింతల పైచిలుకు తేడాతో ఓడించారు! మళ్ళీ 1968 ఏప్రిల్‌లో, కింగ్‌ని చంపిన కొద్ది రోజులకి, సిటీ కౌన్సిల్ పాస్ చేసింది. దాన్ని ముందుండి నడిపింది శామ్ స్మిత్, ఆ కౌన్సిల్‌లో మొదటి నల్లజాతి సభ్యుడు.

తమ్ముడూ, నీకు రూమ్ దొరికిన పేటలో నల్లవాళ్ళు ఎక్కువ ఎందుకయ్యారంటే ఇంకెక్కడా వాళ్ళకి ఇళ్ళు ఇవ్వలేదు కాబట్టి. 1970 ప్రాంతంలో అక్కడ నూటికి డెబ్బై మందికి పైగా వాళ్ళే. ఇప్పుడు ఆ సంఖ్య బాగా పడిపోయింది, అద్దెలు కట్టలేక కెంట్, రెంటన్ వైపు వెళ్ళిపోయారు, అద్దెలు పెంచిన టెక్ జీతాల్లో మనవీ ఉన్నాయి. కాబట్టి మీ బాబాయిగారు చెప్పేది ఎప్పటి మాటో. ఏ వీధికైనా రాత్రిపూట ఒకసారి వెళ్ళి చూసుకుని రూమ్ తీసుకోవాలి, అది రెడ్‌మండ్‌కైనా అంతే.

అక్కడికి దగ్గర్లోనే పాత కోల్మన్ స్కూల్ బిల్డింగ్ ఉంది, చూడు. ఐ-90 హైవే పనుల వల్ల 1985లో స్కూల్ మూసేశారు. అదే ఏడాది నల్లజాతి కార్యకర్తలు కొందరు లోపలికి వెళ్ళి, మా చరిత్రకి ఒక మ్యూజియం, ఒక సాంస్కృతిక కేంద్రం ఇస్తే తప్ప కదలం అని కూర్చున్నారు. హీటింగ్ కూడా లేని బిల్డింగ్, సియాటెల్ చలికాలం, ఎనిమిదేళ్ళు! తర్వాత మ్యూజియం ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకే గట్టిగా తగాదాలయ్యాయి, మొదట కూర్చున్నవాళ్ళలో కొందరికి ఆఖరికి దక్కింది నచ్చలేదు కూడా. చివరికి అర్బన్ లీగ్ అనే నల్లజాతి హక్కుల సంఘం ఆ బిల్డింగ్ కొని, 2008లో కింద నార్త్‌వెస్ట్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం, పైన తక్కువ ఆదాయం వాళ్ళకి 36 అపార్ట్‌మెంట్లు వచ్చాయి. మ్యూజియం పైన జనం కాపురం ఉండటం నాకైతే భలే నచ్చింది.

ఇలా ఖాళీ బిల్డింగ్‌లో బైఠాయించడం ఈ ఊళ్ళో కొత్త కాదు. మా బీకన్ హిల్‌లో 1972లో ఖాళీ స్కూల్ ఒకటి ఆక్రమించి ఎల్ సెంట్రో డి లా రాసా అనే లాటినోల కమ్యూనిటీ సెంటర్ పెట్టారు. దాని నాయకుడు రాబర్టో మాయెస్తస్, నల్లజాతి నాయకుడు లారీ గాసెట్, నేటివ్ (అంటే ఇక్కడి ఆదివాసీల) నాయకుడు బెర్నీ వైట్‌బేర్, ఫిలిపినో మూలాలున్న బాబ్ శాంటోస్, ఈ నలుగురూ దోస్తులు. ఒకరి ధర్నాకి మిగతా ముగ్గురూ వెళ్ళేవారు, కలిసి అరెస్టయ్యేవారు. సాలిడారిటీ అంటే ఇక్కడ ఫేస్‌బుక్ ఫొటో మార్చడం కాదు.

మనకి ఒరిగిందేంటి అంటారా? 2010లో జాన్ టి. విలియమ్స్ అనే నేటివ్ శిల్పిని పోలీసు కాల్చి చంపాక, నల్లవాళ్ళ సంఘాలతో కలిపి ముప్పైకి పైగా సంఘాలు ఫెడరల్ న్యాయశాఖకి ఉత్తరం రాశాయి. 2012లో సియాటెల్ పోలీసు మీద కోర్టు పర్యవేక్షణ వచ్చింది, దాంతోపాటే కమ్యూనిటీ పోలీస్ కమిషన్, తర్వాత బాడీ కెమెరాలు. 2023 జనవరిలో మన తెలుగమ్మాయిని రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చంపింది గుర్తుందా? 25 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద 74 దాకా వెళ్ళిన కారు. ఆ అమ్మాయి ప్రాణం గురించి ఇంకో పోలీసు ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడిన సంగతి బయటపడింది ఆ బాడీ కెమెరా వల్లే, దాన్ని గట్టిగా ఖండించింది ఆ కమిషనే. నవ్వినవాణ్ని 2024లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడు చెప్పండి అన్నగారూ, వాళ్ళ గొడవేనా అది?

మార్చ్ సంగతి: గార్ఫీల్డ్ హైస్కూల్ దగ్గర మొదలవుతుంది. పొద్దున వర్క్‌షాపులు, తర్వాత జిమ్‌లో సభ, ఆ తర్వాత నడక. పిల్లల్ని స్ట్రోలర్లలో తెచ్చుకుంటారు. పిలిచింది నీ ఫ్రెండ్, వెళ్ళు. అక్కడ మన ఎన్నారై కష్టాల గురించి స్పీచ్ ఇవ్వకుండా వాళ్ళు చెప్పేది విను, చాలు.

జవాబు (బెల్‌వ్యూ నుంచి)

అక్క చెప్పింది కరెక్టే, వీసా గురించి రెండు ముక్కలు. శాంతియుతంగా జరిగే సభకి, మార్చ్‌కి వెళ్ళే హక్కు సిటిజన్ కానివాళ్ళకీ ఉంది. కానీ అరెస్ట్ అయితే, కేసు కొట్టేసినా సరే, వీసా స్టాంపింగ్‌లో దాని గురించి అడుగుతారు, 2025 నుంచి స్టూడెంట్ వీసాల మీద, సోషల్ మీడియా మీద నిఘా కూడా బాగా పెరిగింది. అందుకని పర్మిషన్ ఉన్న మార్చ్‌కే వెళ్ళు, రూట్ దాటకు, పోలీసులు వెళ్ళిపొమ్మంటే వెంటనే వెళ్ళిపో. రాత్రి దాకా ఉండిపోయే గుంపులో ఉండొద్దు. అనుమానం ఉంటే కాలేజీలో విదేశీ స్టూడెంట్ల వీసా సంగతులు చూసే డీఎస్ఓని గానీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని గానీ అడుగు, వాట్సాప్‌లో కాదు.

ప్రశ్న అడిగిన స్టూడెంట్

థాంక్స్ అక్కా, అన్నా. శనివారం వెళ్ళి రూమ్ చూస్తాను, బాబాయిని కూడా తీసుకెళ్తా. నేను వెజ్, అటువైపు తినడానికి ఏమన్నా ఉంటుందా?

జవాబు (బీకన్ హిల్ నుంచి)

చెర్రీ స్ట్రీట్ పొడుగునా ఇథియోపియన్ హోటళ్ళే, వెజ్ ప్లేట్ అడుగు, పప్పులూ కూరలతో పెద్ద పళ్ళెం వస్తుంది, ఇద్దరికి సరిపోతుంది. మ్యూజియంకి వెళ్ళేముందు తెరిచి ఉందో లేదో చూసుకో. 23వ అవెన్యూ మీద 48 బస్సు తిరుగుతుంది. కాలేజీకి మాత్రం 8 నంబర్ బస్సు, ఆలస్యానికి పేరు మోసింది. ఆ పేటలో నువ్వు నిజంగా భయపడాల్సింది దానికే, ఎగ్జామ్ రోజున గంట ముందు బయల్దేరు.