అమెరికన్ ఫుట్‌బాల్‌లో మొబైల్ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరే క్యూబీయే, కాళ్ళతో పరిగెత్తగలిగేవాడు కూడా) వస్తే ఆఫెన్స్ (బాల్ ఉన్నప్పుడు ఆడే ఆట) నిజంగా మారుతుందా, లేక వాడి పరుగు చూసి మనమే మురిసిపోతున్నామా?

ఆష్‌బర్న్ రాజు (సోమవారం రాత్రి 9:12)
నిన్న ఒక బర్త్‌డే పార్టీలో మొదలైంది ఈ గొడవ, కేక్ కోసినా ఆగలేదు, పిల్లలు బెలూన్లు పగలగొడుతుంటే మేం నలుగురం గరాజ్‌లో నిలబడి అరుచుకున్నాం, అందుకే ఇక్కడ పెడ్తున్నా. నా మాట ఒకటే. మన టీమ్ వాషింగ్టన్ 2023లో 4-13, అంటే 4 గెలుపులు, 13 ఓటములు. 2024లో క్యూబీగా జేడెన్ డేనియల్స్ వచ్చాడు, 12-5, ప్లేఆఫ్స్‌లో టాంపాని కొట్టాం, డెట్రాయిట్‌ని వాళ్ళ ఊళ్ళోనే 45-31 కొట్టాం, సూపర్ బౌల్ ఫైనల్‌కి ఒక మెట్టు ముందు, ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ గేమ్ దాకా పోయాం. పిల్లాడు 891 యార్డులు పరిగెత్తాడు, ఏ రూకీ (మొదటి ఏడాది) క్యూబీ కూడా అంత పరిగెత్తలేదు. కుంటుతున్న టీమ్‌కి పరిగెత్తే క్యూబీ దొరికితే చాలు, లేచి నిలబడుతుంది. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

బ్లాకింగ్ బాబాయ్ (సోమవారం రాత్రి 9:40)
రాజూ, 2023కీ 2024కీ మధ్య మారింది ఒక్క క్యూబీయేనా? జీఎం (జనరల్ మేనేజర్) మారాడు, హెడ్ కోచ్ మారాడు, ఆఫెన్స్ నడిపేవాడు మారాడు, సెంటర్‌గా టైలర్ బియాడాష్ వచ్చాడు, టైట్ ఎండ్‌గా జాక్ ఎర్ట్స్ వచ్చాడు, డిఫెన్స్‌లో బాబీ వాగ్నర్, ఫ్రాంకీ లూవూ వచ్చారు. ఇల్లు మొత్తం పడగొట్టి కట్టి, కొత్త గడపకి పసుపు రాసినావిడ వల్లే ఇల్లు నిలబడింది అన్నట్టుంది. ఒక్క లెక్క చూడు. 2023లో అప్పటి క్యూబీ శామ్ హావెల్‌కి 65 శాక్‌లు (బాల్ విసరకముందే వాణ్ణి కింద పడెయ్యడం). 2024లో డేనియల్స్‌కి 47. దీనికి జవాబు చెప్పు ముందు, ముందు నిలబడి క్యూబీని కాపాడే లైన్ వల్లా, కాళ్ళ వల్లా?

హైదరాబాదీ 29 (సోమవారం రాత్రి 9:44)
పాప్‌కార్న్ వట్టుకొని కూసున్న. కొట్టుకోండ్రి.

ఆష్‌బర్న్ రాజు (సోమవారం రాత్రి 10:05)
కాళ్ళ వల్ల. హావెల్ నిలబడి దెబ్బలు తిన్నాడు, వీడు తప్పించుకున్నాడు, ఇందులో తెలీనిదేముంది.

బ్లాకింగ్ బాబాయ్ (సోమవారం రాత్రి 10:11)
తప్పించుకుంటే 47 ఎందుకున్నాయి? పరిగెత్తగలిగే క్యూబీలు బాల్‌ని ఎక్కువసేపు చేతిలో పెట్టుకుంటారు, ఇంకొకణ్ణి తప్పించుకోగలను అనే నమ్మకంతో, అందుకే వాళ్ళకి శాక్‌లు తక్కువేం ఉండవు. అంటే 18 తగ్గడం లైన్ గొప్పతనం. ఒప్పుకో, పడుకుందాం.

జోన్ రీడ్ జోగారావు (సోమవారం రాత్రి 11:20)
ఇద్దరూ తప్పు లెక్కే చూస్తున్నారు. శాక్‌లు కాదు, వాడు పరిగెత్తిన 891 కూడా కాదు. అసలు విషయం వాడు పరిగెత్తని ప్లేలో ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

మామూలు రన్ ప్లేలో క్యూబీ బాల్ ఇచ్చేసి చేతులు దులుపుకుని చూస్తుంటాడు. అంటే ఆట ఆడేది ఇటు 10 మంది, అటు 11. ఎప్పుడూ ఒకడు తక్కువే. జోన్ రీడ్ అనే ప్లేలో ఏం చేస్తారంటే, చివర్లో నిలబడ్డ డిఫెన్సివ్ ఎండ్‌ని కావాలనే వదిలేస్తారు, ఎవడూ ముట్టుకోడు. క్యూబీ బాల్ తీసుకెళ్ళి రన్నింగ్ బ్యాక్ (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) పొట్ట దగ్గర పెడతాడు, కానీ వదలడు, కళ్ళు మాత్రం ఆ ఎండ్ గాడి భుజాల మీదే. వాడు రన్నింగ్ బ్యాక్ మీదకి దూకాడా, బాల్ వెనక్కి లాక్కుని వాడు ఖాళీ చేసిన సందులోంచే పోతాడు. దూకకుండా క్యూబీ కోసం ఆగాడా, బాల్ ఇచ్చేస్తాడు. వాడేం చేసినా తప్పే. మీద చెయ్యి వెయ్యకుండా ఒక మనిషిని ఆటలోంచి తీసేసినట్టు, వాణ్ణి ఆపాల్సిన బ్లాకర్ ఖాళీగా ఉంటాడు కదా, వాడు పోయి డిఫెన్స్‌లో రెండో వరస లైన్‌బ్యాకర్ని గుద్దుతాడు. 11 మీద 11 అయ్యింది లెక్క. క్రికెట్‌లో పదకొండో వాడికి కూడా బ్యాటింగ్ వస్తే అవతల కెప్టెన్ ఫీల్డింగ్ ఎలా మార్చుకుంటాడో అలా అన్నమాట.

పాస్ ప్లేలో కూడా అంతే. మ్యాన్ టు మ్యాన్ ఆడితే డిఫెండర్లు రిసీవర్ల వెనక వీపు తిప్పి పరిగెడతారు, మధ్యలో మైదానం ఖాళీ, థర్డ్ డౌన్ (మూడో ప్రయత్నం)లో 8 యార్డులు కావాలంటే వీడు నడిచి తెచ్చేస్తాడు. అందుకని భయపడి జోన్ డిఫెన్స్ (మనిషిని కాదు, చోటుని కాపాడటం) ఆడతారు, లేదా ఒకణ్ణి వీడికి కాపలా పెడతారు. ఎలాగైనా అవతల ఒకడు తగ్గాడు.

2012లో మన వాషింగ్టన్‌లోనే చూశాం, ఆర్‌జీ 3 (క్యూబీ రాబర్ట్ గ్రిఫిన్) రూకీ, 815 యార్డులు వాడు. కానీ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు ఎంచుకునేది) ఆరో రౌండ్‌లో తీసుకున్న రన్నింగ్ బ్యాక్ ఆల్ఫ్రెడ్ మోరిస్ 1,613 యార్డులు పరిగెత్తాడు! అదీ నేను చెప్పేది. 5-11 టీమ్ 10-6 అయ్యింది, డివిజన్ గెలిచింది.

బ్లాకింగ్ బాబాయ్ (సోమవారం రాత్రి 11:31)
మోరిస్ ముందు బ్లాక్ చేసింది ఎవరు జోగారావ్, దేవుడా? ఆఫెన్సివ్ లైన్. మళ్ళీ నా దగ్గరికే వచ్చావ్. 65, 47. జవాబు రాలేదు ఇంకా.

పప్పుచారు (సోమవారం రాత్రి 11:33)
బాబాయ్ గారికి ఎవరైనా ఆ 18 శాక్‌లు ప్యాక్ చేసి ఇచ్చేయండి, పడుకుంటారు

బాల్టిమోర్ వదిన (మంగళవారం ఉదయం 7:50)
పొద్దున్నే కాఫీతో చదివా మొత్తం. వాషింగ్టన్ వదిలేయండి, అక్కడ బాబాయ్ గారన్నట్టు అన్నీ ఒకేసారి మారాయి, ఏది దేనివల్లో తేలదు. మా బాల్టిమోర్ టీమ్ రేవెన్స్ 2018 చూడండి. సీజన్ మధ్యలో 4-5 మీద ఉన్నాం. క్యూబీ జో ఫ్లాకోకి తుంటి దెబ్బ. నవంబర్ 18న సిన్సినాటీ మీద పరిగెత్తే క్యూబీ లామార్ జాక్సన్ మొదటి స్టార్ట్. అదే కోచ్, అదే లైన్, అదే సీజన్, అదే లాకర్ రూమ్. మారింది ఒక్క మనిషి. ఆ గేమ్‌లో జనం లామార్ని చూసి గోల చేశారు, నేను కూడా చేశాను, కానీ పక్కన గస్ ఎడ్వర్డ్స్ అని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు వంద యార్డులు దాటేశాడు, అప్పటిదాకా ఆ పేరే మాకు నోటికి రాదు. మిగిలిన ఏడు గేమ్స్‌లో ఆరు గెలిచాం, 10-6, డివిజన్ మాది. తర్వాతి ఏడాది 14-2, టీమ్ మొత్తం 3,296 యార్డుల పరుగు, ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. జోగారావు గారు చెప్పింది కాగితం మీద కాదు, మేం కళ్ళారా చూశాం.

బ్లాకింగ్ బాబాయ్ (మంగళవారం ఉదయం 8:30)
అమ్మా, ఆ ఏడాది మీ డిఫెన్స్ యార్డుల లెక్కలో లీగ్‌లోనే నంబర్ వన్. ఆ సంగతి చెప్పలేదేం? సరే, ప్లేఆఫ్స్‌లో ఏమైంది, చార్జర్స్ వాళ్ళు లైన్‌బ్యాకర్లని కూర్చోబెట్టి ఏడుగురు డిఫెన్సివ్ బ్యాక్స్‌ని (వెనక వరసలో వేగంగా పరిగెత్తేవాళ్ళు) దింపారు, 23-17, ఇంటికి. 14-2 ఏడాది టెన్నెసీ చేతిలో 28-12. జనవరి వచ్చేసరికి ఈ గారడీ అందరికీ అర్థమైపోతుంది.

బాల్టిమోర్ వదిన (మంగళవారం ఉదయం 8:41)
రాజు గారు అడిగింది కుంటుతున్న టీమ్ ఆఫెన్స్ మారుతుందా అని, సూపర్ బౌల్ వస్తుందా అని కాదు. డిఫెన్స్ నంబర్ వన్ ఫ్లాకో ఉన్నప్పుడు కూడా ఉందండీ, అయినా 4-5 ఏ.

హైదరాబాదీ 29 (మంగళవారం ఉదయం 8:43)
వదిన గట్టిగ ఇచ్చింది

ఆష్‌బర్న్ రాజు (మంగళవారం మధ్యాహ్నం 12:15)
థాంక్యూ వదినా. బాబాయ్ గారు ఇంకొకటి వదిలేశారు, బేర్స్ మీద డేనియల్స్ ఆ లాస్ట్ ప్లే, 2024 అక్టోబర్ 27. పన్నెండు సెకన్లకి పైగా అటూ ఇటూ తిరిగి 52 యార్డుల హెయిల్ మేరీ (దేవుడి మీద భారం వేసి విసిరే ఆఖరి పాస్), నోవా బ్రౌన్ చేతిలో పడింది, 18-15. పాకెట్‌లో (లైన్ వెనక కాపలా ఉన్న చోట) నిలబడేవాడైతే మూడో సెకనుకే కింద ఉండేవాడు. నేను ఆ రోజు స్టేడియంలో ఉన్నా, పక్కన ఎవరో తెలీని తాతగారు నన్ను ఎత్తేశాడు, నా బరువు తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది అదెంత అద్భుతమో.

బ్లాకింగ్ బాబాయ్ (మంగళవారం మధ్యాహ్నం 12:40)
హెయిల్ మేరీ లాటరీ. లాటరీ తగిలినవాణ్ణి బిజినెస్‌మేన్ అనరు.
అయినా రాజూ నువ్వు జెర్సీ కొన్నది 2024లో. నేను ఈ టీమ్‌ని చూడ్డం మొదలుపెట్టేటప్పటికి నువ్వు ఎంసెట్ కోచింగ్‌లో ఉండుంటావ్. గెలుస్తుంటే వచ్చినవాళ్ళకి అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఆష్‌బర్న్ రాజు (మంగళవారం మధ్యాహ్నం 12:52)
ఓహో అక్కడికొచ్చారా. టీమ్ ఏమన్నా మీ తాతగారి పొలమా బాబాయ్, ముందొచ్చినవాళ్ళ పేరు మీద పట్టా రాయడానికి? మీరు ఇన్నేళ్ళు చూసి ఏం సాధించారు, ప్రతి థ్రెడ్‌లో వచ్చి సంతోషంగా ఉన్నవాళ్ళ మీద నీళ్ళు చల్లడం తప్ప. 2024లో కూడా ఇంతే, 12 గెలిచినా పన్నెండుసార్లూ ఏదో ఒకటి పట్టుకుని ఏడ్చారు. మీకు ఆ పిల్లాడంటే ఏదో కోపం ఉంది, అదేదో చెప్పండి డైరెక్ట్‌గా.

మోడరేటర్ (మంగళవారం మధ్యాహ్నం 1:05)
ఇద్దరికీ చెప్తున్నా, వయసులూ జెర్సీలూ వద్దు. ఆట గురించి రాయండి. లేదంటే లాక్ చేస్తా.

పప్పుచారు (మంగళవారం మధ్యాహ్నం 1:06)
లాక్ చెయ్యకండి సార్, ఇదొక్కటే ఉంది ఆఫీసులో చదవడానికి

బ్లాకింగ్ బాబాయ్ (మంగళవారం రాత్రి 10:48)
కోపం అన్నావ్ కాబట్టి చెప్తా. పగలంతా రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నా.

2013 జనవరి 6, సియాటిల్‌తో ప్లేఆఫ్ గేమ్, నేను ల్యాండోవర్‌లో మన స్టేడియం పై వరసలో ఉన్నా, నా భుజాల మీద నా కొడుకు, వాడికి నాలుగేళ్ళు. 14-0 లీడ్‌లో ఉన్నాం. ఆర్‌జీ 3 మోకాలు డిసెంబర్‌లోనే దెబ్బతింది, బ్రేస్ వేసుకుని ఆడుతున్నాడు, పై వరస నుంచి కూడా కుంటడం కనిపిస్తోంది. నాలుగో క్వార్టర్‌లో స్నాప్ (సెంటర్ వెనక్కి ఇచ్చే బాల్) కిందకొచ్చింది, దాన్ని అందుకోబోతే మోకాలు పక్కకి ఒరిగిపోయింది. ఎవడూ ముట్టుకోలేదు. బాల్ పక్కనే పడి ఉంది, తీసుకోలేకపోయాడు. స్టేడియం అంతా ఒక్కసారి మౌనం. మావాడు అడిగాడు, లేవడేం నాన్నా అని. తర్వాతి ఏడాది 3-13.

ఆ కొడుకే ఇప్పుడు హైస్కూల్‌లో క్యూబీ. వాడి కాళ్ళు చూసి కోచ్‌కి పండగ. వాళ్ళదీ ఓడిపోయే టీమే, ముందు ఏడాది అంతా కలిపి ఒక్క గేమ్ గెలిచారు. వీడొచ్చాక వరసగా నాలుగు గెలిచారు. జోగారావ్ రాసిన జోన్ రీడే, గేమ్‌కి పదిహేనుసార్లు. అయిదో గేమ్‌లో రెండు టచ్‌డౌన్ల లీడ్ ఉంది, ఇంకా అదే ప్లే. కాలర్‌బోన్ విరిగింది. ఎమర్జెన్సీ రూమ్‌లో రాత్రి రెండింటిదాకా కూర్చున్నాం, మా ఆవిడ నాతో మాట్లాడలేదు, ఎందుకంటే ఆడనిమ్మన్నది నేను. కోచ్ మెసేజ్ పెట్టాడు, ప్లేఆఫ్స్‌కి రెడీ అవుతాడా అని.

లైన్, శాక్‌లు అని వాదించాను, అదీ నిజమే. కానీ మొబైల్ క్యూబీతో ఆఫెన్స్ మారదని నేనేం అనుకోవట్లేదు. మారుతుంది. ఎంత బాగా మారుతుందంటే ఇంక ఎవడూ ఆపడు. 2025 నవంబర్ 2న సియాటిల్ మీద నాలుగో క్వార్టర్, 38-7 ఓడిపోతున్నాం, డేనియల్స్ ఇంకా మైదానంలోనే ఉన్నాడు, ఎడమ మోచెయ్యి పక్కకి తిరిగిపోయింది. ఆ గేమ్‌లో గెలవడానికి ఏం మిగిలిందని రాజూ?

బాల్టిమోర్ వదిన (మంగళవారం రాత్రి 11:02)
బాబు ఇప్పుడెలా ఉన్నాడండీ?

బ్లాకింగ్ బాబాయ్ (మంగళవారం రాత్రి 11:04)
అతుక్కుందమ్మా. బానే ఉన్నాడు.

ఆష్‌బర్న్ రాజు (మంగళవారం రాత్రి 11:30)
బాబాయ్, సారీ, నాకు తెలీదు. పొలం పట్టా మాట వెనక్కి తీసుకుంటున్నా.
కానీ ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. నిలబడి ఆడేవాళ్ళకి తగలవా? మన టీమ్‌లోనే జో థైజ్‌మన్, 1985 నవంబర్ 18, పాకెట్‌లోనే కాలు విరిగింది, మళ్ళీ ఆడలేదు. అలెక్స్ స్మిత్ 2018 నవంబర్ 18, శాక్‌లోనే విరిగింది, కాలు తీసేయాల్సొస్తుందేమో అన్నంత దాకా పోయింది. డేనియల్స్ మోచెయ్యి కూడా డిజైన్డ్ రన్‌లో (క్యూబీ పరిగెత్తాలని ముందే అనుకున్న ప్లే) పోలేదు. పరిగెత్తేవాడికి కనీసం వచ్చేవాడు కనిపిస్తాడు, పాకెట్‌లో ఉన్నవాడికి వెనకనుంచి వస్తుంది.

బాల్టిమోర్ వదిన (మంగళవారం రాత్రి 11:36)
2018 నవంబర్ 18 అంటే మా లామార్ మొదలుపెట్టిన రోజే. ఇన్నేళ్ళుగా నాకు తట్టనే లేదు.

జోన్ రీడ్ జోగారావు (మంగళవారం రాత్రి 11:51)
బాబాయ్ గారి పాయింట్ స్కీమ్ మీద కాదు, ఆపాల్సిన టైమ్‌కి ఆపనివాళ్ళ మీద. రెండు టచ్‌డౌన్ల లీడ్‌లో క్యూబీతో కీపర్ (బాల్ తనే ఉంచుకుని పరిగెత్తడం) ఆడించడం జోన్ రీడ్ తప్పెలా అవుతుంది? అక్కడ బాల్ ఇచ్చెయ్యాలి, అంతే. రీడ్ లేకుండా హ్యాండాఫ్.

బ్లాకింగ్ బాబాయ్ (బుధవారం ఉదయం 6:55)
చెప్పడం తేలికే జోగారావ్. ఏడాదికి ఒక్కటి గెలిచినవాడికి లీడ్ ఎంతున్నా చాలదు.
సరే అది వదిలేయ్. వాడు ఈ ఏడాది మళ్ళీ ఆడతానంటున్నాడు. పర్మిషన్ ఫారమ్ ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద రెండు వారాలుగా ఉంది, మా ఆవిడ పాలు తీసేటప్పుడల్లా దాన్ని చూస్తుంది, నన్ను చూస్తుంది. శుక్రవారం లాస్ట్ డేట్.

ఆష్‌బర్న్ రాజు (బుధవారం ఉదయం 7:20)
పెట్టండి బాబాయ్. ముందు స్లైడ్ చెయ్యడం (దెబ్బ తగలకముందే నేల మీద జారిపోవడం) నేర్పించండి, సగం దెబ్బలు అక్కడే తగ్గుతాయి.

బ్లాకింగ్ బాబాయ్ (బుధవారం ఉదయం 7:24)
వాడు చూసేది డేనియల్స్‌ని. ఇంక స్లైడ్ ఎక్కణ్ణుంచి వస్తుంది.

బాల్టిమోర్ వదిన (బుధవారం ఉదయం 7:31)
బేస్‌బాల్‌లో ఒక్క సీజన్ వేయండి, స్లైడ్ దానంతట అదే వస్తుంది. మా మేనల్లుడికి అలాగే వచ్చింది.

బ్లాకింగ్ బాబాయ్ (బుధవారం ఉదయం 7:33)
మళ్ళీ దానికో ఫీజా.

చాంటిలీ చిన్నా (బుధవారం మధ్యాహ్నం 2:10)
మొత్తం చదవలేదు గానీ, ఆ 65, 47 శాక్‌ల సంగతి తేలిందా?