పారిస్ కార్నావలే మేడలో ఏ భాగం ఏ కాలందో ఎలా పట్టుకోవాలి?

బెజవాడ_ఆర్కి:
హాయ్ అందరికీ, నేను విజయవాడలో ఆర్కిటెక్చర్ థర్డ్ ఇయర్. హిస్టరీలో కేస్ స్టడీకి నాకు పారిస్ కార్నావలే మేడ వచ్చింది, ఇప్పుడు మ్యూజియం అది. ఒక చోట 1548లో కట్టారంటారు, ఇంకో చోట 1660 అంటారు, మ్యూజియం అయ్యాక కట్టింది కూడా ఉందంటారు, తల తిరిగిపోతోంది. ప్లాన్ మీద ఒక్కో కాలానికి ఒక్కో కలర్ వేసి షీట్ తెమ్మన్నారు సార్. మన మండువా లోగిలి లాగా మధ్యలో ఖాళీ ఉంది కదా, మరి చుట్టూ ఉన్నదంతా ఒకేసారి కట్టారనుకోవచ్చా?

బ్రోడీపేట_బాబాయ్:
అస్సలు అనుకోకు. మండువా చుట్టూ గదులుంటాయి, వాన నీళ్లు మధ్యలో పడి తూములోంచి పోతాయి, ఇంటి సంసారం అంతా దాని చుట్టూనే. వాళ్ల కోర్ట్, అంటే ఆ మధ్య ఖాళీ, అలాంటిది కాదు, వీధికీ అసలు ఇంటికీ మధ్య గుర్రబ్బండి వచ్చి తిరిగే జాగా. ఇల్లు దాని వెనకాల, ఇంటి వెనక తోట. 1548లో జాక్ దె లిన్యెరీ అనే పెద్ద జడ్జిగారు మొదలెట్టింది ఆ వెనక బ్లాకే ముఖ్యంగా, వీధి వైపుది ఎత్తు తక్కువ. ఫస్ట్ కలర్ దానికెయ్యి. గుర్తు ఏంటంటే కోర్ట్‌లో నిలబడి ఎదురుగా చూస్తే పై అంతస్తు కిటికీల మధ్య నిలువెత్తు శిల్పాలు నాలుగు, నాలుగు ఋతువులు, తల పైన రాశులు కూడా చెక్కారు. ఝాన్ గూజోన్ అనే శిల్పి వర్క్‌షాప్ పని అది, ఫొటో జూమ్ చేసి ఆ బట్టల మడతలు చూడు, రాయిలా ఉండవు.

పారిస్‌లో_గుంటూరోడు:
బాబాయ్ చెప్పింది కరెక్ట్. రెండో కలర్ 1660-61, ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా మాన్సార్. వీధి వైపు భాగం మీద ఇంకో అంతస్తు లేపాడు, పక్క రెక్కలు కూడా పెంచాడు, కానీ పాత గుమ్మాన్నీ దాని పక్కన సింహాలనీ ముట్టుకోలేదు. అంటే వీధిలోంచి చూస్తే కింద గుమ్మం ఒక కాలం, పైన కిటికీలు వందేళ్ల తర్వాతవి, నీ ఎలివేషన్‌లో అక్కడే రెండు కలర్లు పడాలి. ఉత్తరాలు రాసి పేరు తెచ్చుకున్న మదాం ద సెవిన్యే పేరు పెద్దగా వినిపిస్తుంది గానీ ఆవిడ 1677 నుంచి అద్దెకున్నారంతే, కట్టించింది ఏం లేదు.

గవర్నర్‌పేట_గళం:
మన దగ్గరైతే మాన్సార్‌ని పిలవరు, బిల్డర్‌ని పిలిచి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి మూడు ఫ్లాట్లు తీసుకుంటారు 😀

బ్రోడీపేట_బాబాయ్:
వాళ్లని మరీ నెత్తిన పెట్టుకోకు బాబూ. 1866లో సిటీ ఈ మేడ కొన్నప్పుడు అప్పటి పారిస్ పెద్ద అధికారి ఊస్మాన్ ఒక పక్క రోడ్ల కోసం పాత పారిస్‌ని కూలగొడుతూనే ఉన్నాడు. వేరే చోట్ల ఊడదీసినవి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు, రాజప్రాసాదం దగ్గరి నజరెత్ ఆర్చ్, బట్టల వర్తకుల సంఘం ఆఫీసు ముందు గోడ అలా వచ్చినవే. అమ్మాయో అబ్బాయో తెలీదు గానీ ఆర్కీ, తోట వైపు అవి చూసి 17వ శతాబ్దం కలర్ కొట్టావో జ్యూరీలో దొరికిపోతావ్. రాయి పాతదే, అక్కడికొచ్చింది మాత్రం 19వ శతాబ్దంలో.

బెజవాడ_ఆర్కి:
అమ్మాయినే బాబాయ్ గారూ 🙏 నేను అదే చేయబోయాను. వాటికి కలర్ మీద గీతలు కొట్టి వేరుగా చూపిస్తా. మరి పక్కనున్న ల పెలెతియే మేడ?

పారిస్‌లో_గుంటూరోడు:
అది వేరే ఇల్లమ్మా, 17వ శతాబ్దం చివర్లో పియెర్ బ్యుల్లే అనే ఆర్కిటెక్ట్ కట్టింది, 1989లో మ్యూజియంలో కలిపారు. 2016లో మూసి 2021లో తెరిచారు కదా, అప్పుడు పెట్టిన స్టీలు, చెక్క మెట్లు చూడగానే కొత్తవని తెలిసిపోతాయి, దాచాలని కూడా చూడలేదు, నాకైతే అది నచ్చింది. ఇంకోటి, కోర్ట్ మధ్యలో 14వ లూయీ కంచు విగ్రహం ఉంటుంది, కోజ్‌వాక్స్ అనే శిల్పి 1689లో సిటీ హాల్ కోసం చేసింది, తర్వాత ఇక్కడికి తెచ్చారు, దాన్ని పట్టుకుని కోర్ట్ డేట్ రాయకు.