మనది మిడిల్ క్లాసేనా? మీ ఇంటి లెక్క చెప్పండి

లెక్కల టీచర్, నల్లగొండ:
నాది ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, మా ఆవిడ నర్సు. ఇద్దరిదీ కలిపి నెలకు 62 వేలు, ఏడాదికి 7 లక్షల 44 వేలు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్‌కు ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు కాబట్టి అక్కడ మేం బలహీన వర్గం. తెల్ల రేషన్ కార్డుకు పట్టణంలో 2 లక్షలు దాటకూడదు, ఆ లెక్కన మేం కలిగినవాళ్లం. మొన్న పాప ఇంటర్ ఫీజుకు గొలుసు తాకట్టు పెట్టి వస్తుంటే అసలు మేమెవరమా అని దారంతా అదే ఆలోచన. మీరు మిమ్మల్ని ఏమనుకుంటున్నారు? దేన్ని బట్టి?

మక్తల్ పిల్లోడు:
సార్, మాది వలస ఇల్లు. అమ్మానాయనలు గుంపు మేస్త్రీ (కూలీలను పనికి తీసుకెళ్లే ఆయన) కింద పుణెకు మట్టిపనికి పోతే మేం అవ్వ దగ్గర పెరిగాం. దసరాకు వచ్చేటప్పుడు నాయన డబ్బును బనీను లోపల గుడ్డ వేసి కుట్టుకుని తెచ్చేవాడు. అమ్మ బ్లేడుతో కుట్టు విప్పితే నోట్లు చెమటకు అతుక్కుని మెత్తగా ఉండేవి. అప్పులోళ్ల వాటా ఆ రాత్రే పక్కన పెట్టేవాళ్లు. మిగిలింది చూశాక మేం పేదోళ్లమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు నేను పోలేపల్లిలో ఫార్మా కంపెనీలో 27 వేలకు చేస్తున్నా. ఒకటో తారీఖు జీతం మెసేజ్ రాగానే "మనకేం తక్కువరా" అంటాడు నాయన. అదే జీతానికి నా రూమ్మేట్ రోజూ దిగులు పడతాడు. వాళ్ల నాన్న గవర్నమెంట్ ఉద్యోగి.

ఎడమకాల్వ రైతు, మిర్యాలగూడ:
నాకు 4 ఎకరాలు. రోడ్డు పక్కన ఉందని చుట్టాలు కోటీశ్వరుడంటారు. అమ్మితే కదా కోటి! డబ్బు కంటికి కనిపించేది ఏడాదికి రెండుసార్లు, వడ్లు మిల్లుకు తోలినప్పుడే. ఎరువుల షాపు బాకీ, కోత మిషన్ కిరాయి పోతే మళ్లీ మొదటికే. సాగర్ నీళ్లు రాని ఏడాది చెప్పలేనంత టెన్షన్. పక్క చేను కౌలుకు చేసే అన్న పరిస్థితి మరీ ఘోరం. ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు, అవి పడేది పట్టాదారు (భూమి యజమాని) ఖాతాలో, కౌలు చేసే అన్నకు కాదు.

టైలరింగ్ అక్క, దేవరకొండ:
తమ్ముడూ, మీలో చాలామంది మగవాళ్ల సంపాదనే లెక్కపెడుతున్నారు. నేను బ్లౌజులు కుట్టి నెలకు 9 వేల దాకా తెస్తాను. మొన్న ఎవరో వచ్చి ఇంటి ఆదాయం ఎంతని అడిగితే మా ఆయన ఆటో సంపాదన ఒక్కటే చెప్పాడు. నేను మిషన్ ముందే కూర్చుని ఉన్నాను. పాలు, గ్యాస్, పిల్లల బస్ పాసులు నా డబ్బుతోనే. చాలా బాధేసింది.

లెక్కల టీచర్, నల్లగొండ:
అక్కా, మీది చదివాక మళ్లీ లెక్క వేశాను. మా ఆవిడ సాయంత్రాలు క్లినిక్‌లో చేసి నెలకు తెచ్చే 5 వేలు నేనూ కలపలేదు. చీటీకి పోయే డబ్బే కదా అని వదిలేశాను. కలిపితే ఏడాదికి 8 లక్షల 4 వేలు. అంటే ఈడబ్ల్యూఎస్ 8 లక్షల పరిమితి దాటాం, నేను పైన రాసింది తప్పు.