నల్లగొండల చదువుకునేటోళ్లు సాయంత్రాలు ఏడ గడుపుతరు, ఆదివారాలు ఎటు పోతరు?

అన్నెపర్తి హాస్టల్:
అందరికి నమస్తే. నేను మహాత్మాగాంధీ యూనివర్సిటీల పీజీ సెకండియర్. మాది అచ్చంపేట దిక్కు. శనివారం పొద్దు వాలిందంటే మా హాస్టల్ సగం ఖాళీ. దగ్గరి ఊర్లోళ్లు ఇంటికి పోతరు, మిగిలినోళ్లల్ల శానామంది నార్కట్‌పల్లి మీదికెల్లి హైదరాబాద్ బస్సెక్కుతరు. "నల్లగొండల ఏముందక్కా" అని ఈసారి వచ్చిన జూనియర్లు గూడ అడుగుడు మొదలువెట్టిన్రు. రెండేండ్లు ఒక ఊర్ల ఉండి, ఆ ఊరు చూడకుండనే సర్టిఫికెట్లు పట్టుకొని పోతున్నమంటే నాకు పానం ఉసూరుమంటది. ఈడ చదివినోళ్లు, చదువుతున్నోళ్లు మీ సాయంత్రాలు, మీ ఆదివారాలు ఎట్ల గడిచినయో చెప్పున్రి.

ముందు నాది చెప్త. నాకు పానగల్లు ఇష్టం. బస్టాండ్ కాడ ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టది. ఛాయా సోమేశ్వరాలయం పొలాల నడుమ ఉంటది. మూడు గర్భగుళ్లు ఒక్క మండపంలకే తెరుచుకుంటయి. పడమటి గుళ్లె లింగం ఎనుక గోడ మీద ఒక స్తంభం నీడ నిలువుగ పడ్తది. పొద్దుగాల చూడు, మిట్టమధ్యాహ్నం చూడు, ఉన్నకాడనే ఉంటది. అది ఏ స్తంభం నీడనో తేల్చాల్నని నేనూ నా దోస్తూ మండపంల అటిటు తిరిగి తిరిగి చూసినం. ఆమెది ఫిజిక్స్. ఎండ నేరుగ పడితే వచ్చే నీడ కాదిది, బయటి నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురుకు స్తంభాలు అడ్డమొచ్చి ఏర్పడేది, అందుకే సూర్యుడు కదిలినా ఇది కదలదని ఆడనే నేల మీద వేలితోని గీసి చెప్పింది. పదకొండు, పన్నెండో శతాబ్దాలల్ల కందూరు చోడులు ఏలిన ఊరది. లెక్కలు కట్టిన్రో, కట్టుకుంట కనిపెట్టిన్రో గని, ఆ పనితనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

గడియారం సెంటర్:
చెల్లె, మంచి ముచ్చట తీసినవ్. నేను ఈడనే పుట్టిన, ఎన్జీ (నాగార్జున గవర్నమెంట్) కాలేజీల చదివిన. 1956ల పెట్టిన కాలేజీ అది, మా నాయిన గూడ ఆడనే చదివిండు. పానగల్లు పోతే పచ్చల సోమేశ్వరాలయం ఇడిసిపెట్టకు. పక్కకే మ్యూజియం ఉంటది. గుడి గోడల మీద రామాయణం, భారతం కథలు బొమ్మలు బొమ్మలుగ చెక్కిన్రు. తలకాయెత్తి నిమ్మళంగ చూసుకుంట గుడి చుట్టూ తిరగాలె. ఫోన్ తీసి ఫొటోలు కొట్టుకొని వచ్చేటోళ్లకు అవి కండ్లవడవు.

ఇంగ నల్లగొండ పొద్దుగాల ఎట్లుంటదో చూడాల్నంటే చీకటి ఇడువకముందే కాలేజీ గ్రౌండ్‌కు రా. కానిస్టేబుల్ పోస్టులకు, ఆర్మీకి తయారయ్యే పోరగాళ్లు రౌండ్లు కొడ్తుంటరు. కొందరికి బూట్లుంటయి, కొందరు ఒట్టి కాళ్లతోనే. ఒకడు గడియారం పట్టుకొని ఒక్కొక్కడి టైము గట్టిగ అరిచి చెప్తడు. మనూళ్లల్లకెల్లి రూములు కిరాయికి తీసుకొని, ఓ పూట వండుకొని రెండు పూటలు తిని కొట్లాడే పిల్లలు వాళ్లు. పది దాటితే అదే మొఖాలు జిల్లా గ్రంథాలయంల కనిపిస్తయి. ఈ ఊరికి చదువుల ఊరనే పేరు వాళ్లతోనే వచ్చిందని నేననుకుంట.

సాయంత్రానికైతే లతీఫ్ సాబ్ గుట్ట. మెట్లు శాన ఉంటయి, నీళ్ల సీసా పట్టుకపో. పైన దర్గా కాడ నిలవడితే టౌనంత కాళ్లకింద పరిచినట్టు కనవడ్తది, ఆ దిక్కు ఉదయసముద్రం చెరువు నీళ్లు తళతళమంటుంటయి. ఉర్సు అప్పుడు హిందువులు, ముస్లింలు అందరు ఎక్కుతరు. మా అమ్మ మొక్కు కూడ ఆడనే.

మిర్యాలగూడ డైలీ:
నేను హాస్టల్ కాదు, రోజు వచ్చిపోయేదాన్ని. అందుకే మా ముచ్చట వేరు. డిసెంబర్ 9, 2023 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఫ్రీ చేసిన్రు గద. అందరు సీట్ల కొట్లాట గురించే మాట్లాడుతరు. మా అసొంటి పిల్లలకు ఏమైందో ఎవరు చెప్పరు. ముందుగాల ఏడికన్న పోవాల్నంటే ఇంట్ల చార్జీలు అడగాలె. అడిగితే ఎందుకు, ఎవలతోని అని అడుగుతరు, అండ్లనే సగం ప్రయాణాలు ఆగిపోయేటివి. ఇప్పుడు ఆధార్ కార్డు సూపెడితే జీరో టికెట్ చేతుల పెడ్తరు. క్లాసు అయినంక ముగ్గురం కలిసి కనగల్ దిక్కు దర్వేశిపురం ఎల్లమ్మ గుడికి పోయినం, మొక్కుకున్నం, చెట్టుకింద కూసోని టిఫిన్ డబ్బాలు ఇప్పుకొని తిన్నం, పొద్దుగూకకముందే తిరిగి బస్టాండ్ల ఉన్నం. పైసా అడగకుండ ఒక ఊరు పోయొచ్చుడు మాకు అదే మొదటిసారి. మా అక్క ఇదే కాలేజీల మూడేండ్లు చదివింది, బస్టాండు, కాలేజీ తప్ప ఇంకోటి ఎరగది.

పాత విద్యార్థి:
మీరందరూ రాస్తుంటే చదవడానికి ఎంతో సంతోషంగా ఉందమ్మా. నేను ఎనభైల్లో ఎన్జీ కాలేజీలో చదివి, ఉద్యోగం మీద వేరే జిల్లాలు తిరిగి, రిటైరయ్యాక మళ్లీ ఇక్కడికే చేరాను. ఉదయసముద్రం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు చెప్పాలనిపించింది.

కందూరు చోడుల్లో ఉదయచోడుడి పేరు మీద వెలసిన చెరువది. ఈనాటి పిల్లలు కట్ట మీద నడుస్తూ ఫొటోలు తీసుకుంటారు, మంచిదే. మా రోజుల్లో ఈ జిల్లాలో నీళ్లంటే భయం. మర్రిగూడ, మునుగోడు దిక్కునుంచి వచ్చే మా సహాధ్యాయుల పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు నడుము వంగిపోయి, మోకాళ్లు లోపలికి తిరిగిపోయి మంచానికే పరిమితమయ్యేవారు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. కృష్ణ మన జిల్లా అంచునే పారుతున్నా, ఎత్తున ఉన్న ఈ ఊళ్లకు ఆ నీళ్లు ఎక్కకపోయేవి. నాగార్జునసాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోయడం మొదలయ్యాకే, ఆ కాలువల ద్వారా ఉదయసముద్రానికి కృష్ణ నీళ్లు వచ్చాయి. అదే అక్కంపల్లి నుంచి హైదరాబాద్‌కూ తాగునీరు వెళ్తుంది. మీరు సాయంత్రం కూర్చునే కట్ట పక్కనున్న నీళ్ల కోసం ఈ జిల్లా జనం ఏళ్ల తరబడి పోరాడారు. కట్ట మీద ఇరవయ్యేళ్ల పిల్లలు హాయిగా పళ్లు కనిపించేలా నవ్వుతుంటే నాకు ఆ పాత స్నేహితులే గుర్తొస్తారు. దయచేసి కవర్లు, సీసాలు అందులో వెయ్యకండి.

బీటెక్ ఫస్టియర్:
అందరు మంచిగ చెప్తున్నరు గని నాదొక మాట. నేను ఖమ్మం నుంచి వచ్చిన. పానగల్లు, గుట్ట బాగనే ఉంటయి, కాని చీకటి పడ్డంక వాపసు వచ్చుడే కష్టం. మేం నలుగురం ఆడపిల్లలం కట్ట మీదికి పోతే ఆరు దాటినంక షేర్ ఆటో దొరకలె. దొరికిన ఒక్క ఆటో ఆయన ఇష్టమొచ్చినంత అడిగిండు. రోడ్డు మీద లైట్లు లేని జాగల నిలవడి ఉండాల్సొచ్చింది. హాస్టల్ గేటు టైము ఒకటి నెత్తి మీద. మగపిల్లలకు బండ్లుంటయి, వాళ్లు ఎప్పుడన్న పోతరు, ఎప్పుడన్న వస్తరు. చూసే జాగలు మస్తున్నయి అనే ముందు, మేం ఎట్ల పోవాలె, ఎట్ల రావాలె అనేది గూడ చెప్పున్రి.

గడియారం సెంటర్:
నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం బిడ్డా. పానగల్లు దిక్కు పొద్దుగాలనే పెట్టుకోన్రి. ఏడింటికి పోతే తొమ్మిదిన్నరకు టౌన్ల పడ్తరు, ఎండ గూడ ఎక్కది. సాయంత్రాలు టౌన్ల తిరుగున్రి. గడియారం సెంటర్ చుట్టుపక్కల మిర్చి బండ్ల కాడ ఎనిమిదింటి దాక జనం ఉంటరు. బత్తాయి రసం తాగున్రి, మన జిల్లా తోటల పంట అది. గ్లాసుల ఐసు ఎయ్యద్దని ముందుగాలనే చెప్పున్రి, పిండినంక తొందరగ తాగున్రి, లేకుంటే చేదెక్కుతది. పోయేకాడ ఆటో ఆయన నంబర్ తీసుకొని, వాపసు టైము మాట్లాడుకుంటే సగం తిప్పలు తప్పుతయి. లైట్ల సంగతి మాత్రం మున్సిపాలిటీల గట్టిగ అడగాల్సిందే, మీరు అర్జీ రాస్తే నేను సంతకం పెడ్త.

గట్టు అమాస:
చెర్వుగట్టు గురించి ఎవరు రాయలేదేంది? యూనివర్సిటీ గేటు ముంగట నార్కట్‌పల్లి బస్సెక్కితే ఎల్లారెడ్డిగూడెం కాడ దిగుడే. జడల రామలింగేశ్వరస్వామి. పరశురాముడు నూటెనిమిది లింగాలు నిలిపితే ఆఖరుది ఇదేనని చెప్తరు. గుడి ఒకెత్తు, ఇంక పైకెక్కితే మూడుగుండ్లు ఒకెత్తు. పే...ద్ద బండల నడుమ సన్నటి సందుల్నుంచి పోవాలె. నిలువుగ పోతే పట్టరు, పక్కకు తిరగాలె. ఒక భుజం ముందుకు పెట్టి, ఊపిరి బిగవట్టి, రాయికి చెంప ఆనిచ్చి జరుగుడు. రాయి సల్లగ ఉంటది, ఇన్నేండ్ల చేతుల రాపిడికి అద్దం లెక్క నున్నగైంది. ఎనుకున్నోళ్లు "ఓం నమశ్శివాయ" అనుకుంట ధైర్యం చెప్తరు. నమ్మినోళ్లు ఎంత లావున్నా ఆ సందుల పట్టుతరని పెద్దోళ్ల మాట. అవుతలికి పోతే లింగం, చుట్టూ గాలి, కింద పొలాలు.

అమాస రోజు మాత్రం చూసేతందుకని రాకున్రి, మొక్కున్నోళ్లు రానీయ్. రోగం నయంగావాలని, పిల్లలు గావాలని రాత్రి గుట్ట మీదనే నిద్ర చేసేటోళ్లు వేలమంది. మామూలు సోమవారం పోతే నిమ్మళంగ దర్శనం అయితది.

సాగర్ రోడ్డు:
మాది హాలియా. కాబట్టి సాగర్ గురించి నన్ను అడగున్రి. నల్లగొండ నుంచి కనగల్, హాలియా మీద పోతది రోడ్డు, రెండు గంటలలోపే. గేట్లు ఎత్తిన్రని టీవీల వచ్చిన వెంటనే ఆదివారం బయలెల్లేటోళ్లకు నేను చెప్పేదొకటే: ఆ రోజు మీరు చూసేది నీళ్లు కాదు, కార్లు. సాగర్ నిండినంక పైన శ్రీశైలం నుంచి వరద దిగుతున్నన్ని రోజులు గేట్లు తెరిచే ఉంటయి, సోమవారమో మంగళవారమో క్లాసు సెలవున్న రోజు చూసుకోన్రి. 26 గేట్లు, అన్ని ఒక్కపారి ఎత్తినప్పుడు వంతెన మీద నిలవడితే తుంపర మొఖాన కొడ్తది, పక్కనోడు మాట్లాడింది ఇనవడది.

నాగార్జునకొండకు లాంచీ పోతది, కాని గాలి, నీటిమట్టం చూసి నడిపిస్తరు. పొద్దుగాలనే ఫోన్ చేసి తెలుసుకోన్రి. శుక్రవారం ఆ కొండమీది మ్యూజియానికి సెలవు, ఆ రోజు మాత్రం పోవద్దు. డ్యాం నీళ్లు నిండకముందు ఆ లోయల బౌద్ధ స్తూపాలు, విహారాలు తవ్వి తీసి, కొన్నింటిని కొండమీద మల్ల పేర్చిన్రు. మునిగిపోయే ముందు అన్ని రాళ్లు మోసి కాపాడినోళ్ల ఓపికకు దండం పెట్టాలె. 2022ల తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు గూడ ఉంది, 274 ఎకరాలు. ఎండకాలం పోకున్రి, నీడ తక్కువ. హిస్టరీ, టూరిజం చదివేటోళ్లు మాత్రం తప్పక పోవాలె.

మిర్యాలగూడ డైలీ:
సాగర్‌కు ఎక్స్‌ప్రెస్సులు గూడ ఉంటయి గద అన్నా? జీరో టికెట్ నడుస్తదా?

సాగర్ రోడ్డు:
ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు అయితే నడుస్తది చెల్లె. డీలక్స్, సూపర్ లగ్జరీ అయితే పైసలు పెట్టాలె. బోర్డు చూసి ఎక్కున్రి. లాంచీ టికెట్ మాత్రం కొనుక్కోవాల్సిందే. అన్నం ఇంటికాడికెల్లే కట్టుకొచ్చుకోన్రి.

అన్నెపర్తి హాస్టల్:
అందరికి పేరుపేరున దండాలు. సార్, మీరు రాసింది మా రూంల గట్టిగ చదివి వినిపించిన. నాంపల్లి మండలం పిల్ల ఒకామె వాళ్ల తాత గురించి చెప్పుకుంట ఏడ్చింది. ఉదయసముద్రం కట్ట మీద చెత్త ఏరుదామని మేమే అనుకున్నం, ఎన్నెస్సెస్ సార్‌ను అడుగుతం.

ఫస్టియర్ చెల్లె, ఈ ఆదివారం నువ్వు మీ ముగ్గురిని తోలుకొని రా. పొద్దుగాల ఏడింటికి హాస్టల్ గేటు కాడ కలుద్దాం, నాకు తెలిసిన ఆటో బాబాయిని మాట్లాడిన, పోనురాను ఆయనదే బాధ్యత. ముందు ఛాయా సోమేశ్వరం, ఎనుక పచ్చల సోమేశ్వరం, తర్వాత కట్ట. తొమ్మిదిన్నరకు టౌన్ల టిఫిన్. అర్జీ కాగితం గూడ నేనే రాసి తెస్త, గడియారం సెంటర్ అన్నా, మీ సంతకం ఏడ దొరుకుతదో చెప్పున్రి.

గడియారం సెంటర్:
పది గంటలకు గ్రంథాలయం గేటు కాడ ఉంట చెల్లె. కాలనీల ఇంకో నలుగురిని తోలుకొస్త.