సింక్ కింద నీళ్లు కారుతున్నాయి: పైపు మార్చాలా, వాషర్ మారిస్తే చాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మేం అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. కొద్దిరోజులుగా వంటింటి సింక్ కింద అల్మారాలో తడి ఉంటోంది. గిన్నెలు తోమిన కాసేపటికి అక్కడ పెట్టిన డబ్బాల అడుగున నీళ్లు చేరుతున్నాయి. తెల్ల ప్లాస్టిక్ పైపు, మడతలు మడతలుగా ఉండే రకం. పై నట్టు దగ్గరా తడే, పైపు మధ్యలోనూ తడే. మావారు నట్టు ఇంకాస్త బిగించారు, ఏం తగ్గలేదు. పక్కింటి ఆంటీ ఎమ్‌సీల్ (లీకులు పూడ్చే ముద్ద) పెట్టెయ్యమంటున్నారు. ప్లంబర్ ఆదివారం దాకా రానన్నాడు. ఓనర్ గారేమో "చిన్న పనే కదమ్మా, మీరే చూసుకోండి" అన్నారు. ఇంట్లో ఒక పానా, స్క్రూడ్రైవర్ ఉన్నాయంతే. మనమే చేసుకోవచ్చా? కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కి తడి దిగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయవాడ నుంచి)

నిక్షేపంగా చేసుకోవచ్చమ్మా. కాకపోతే ముందు ఏమీ విప్పకండి, ఏమీ కొనకండి. నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో తేలాకే చెయ్యి పెట్టాలి. కారిన నీరు పుట్టిన చోటే రాలదు. పైపు మడతల వెంట జారుకుంటూ వచ్చి, అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట చుక్క కడుతుంది. మధ్యలో తడి ఉంది కదా అని పైపుకి చిల్లి పడిందనుకోవద్దు.

అల్మారా ఖాళీ చేసి, సింక్ అడుగు నుంచి పైపు నేలలోకి దిగే చోటు దాకా పొడిగుడ్డతో బాగా తుడవండి. కింద పాత న్యూస్‌పేపర్ పరవండి, తడి మచ్చ ఎక్కడ పడిందీ ఇట్టే తెలిసిపోతుంది. ఇప్పుడు జాలీకి మూత పెట్టి సింక్ సగం దాకా నింపండి. మూత లేకపోతే పాలిథిన్ కవర్లో గుడ్డని ఉండలా చుట్టి నొక్కి పెట్టండి. ఓ పది నిమిషాలు ఆగి ఫోన్ టార్చి వేసి చూడండి.

నీళ్లు నిలిచి ఉండగానే చుక్క పడుతుంటే పైపుది తప్పు కాదు. జాలీ అంచుకీ సింక్ రేకుకీ మధ్య ఉండే వాషర్ పోయింది. అలా కాకుండా మూత తీసి ఒక్కసారిగా వదిలినప్పుడు మాత్రమే కారితే పై నట్టు గానీ, పైపు గానీ, నేల దగ్గరి మూతి గానీ. పొడి టిష్యూ పేపర్‌తో నట్టు చుట్టూ తడిమి, తర్వాత కిందికి రండి. మొదట తడిసిన చోటే దొంగ. సింక్ వాడకపోయినా, ట్యాప్ కట్టేసి ఉన్నా తడి వస్తోందంటే వేస్ట్ పైపును వదిలేసి, ట్యాప్‌కి నీళ్లు తెచ్చే సన్న పైపునీ, అది గోడకి తగిలే చోట ఉండే చిన్న వాల్వ్ యాంగిల్ కాక్‌నీ చూడండి. ఆ లైన్లో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. అక్కడ లీకైతే ఆదివారం దాకా ఆగడానికి లేదు, వాల్వ్ కట్టేయాల్సిందే.

ఇంకో రెండు చూడండి. గట్టు మీద సింక్ అంచు వెంబడి చెంబుతో కొద్దిగా నీళ్లు పొయ్యండి. గ్రానైట్‌కీ సింక్‌కీ మధ్య పూసిన సిలికాన్ ఊడిపోతే నీళ్లు ఆ సందులోంచి దిగి, సింక్ బయటివైపు పట్టుకుని జాలీ దాకా వచ్చి పైపు మీద పడతాయి. చూసేవాళ్లు పైపునే అనుమానిస్తారు. రెండోది, ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ ఉందా? దాని వృథా నీళ్ల ట్యూబు ఎక్కడికి పోతోందో చూడండి. ఫిల్టర్ బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు సింక్ పైపుకే చిల్లి పెట్టి, ట్యూబు దూర్చి వెళ్లిపోవడం మన ఇళ్లలో మామూలే.

మళ్లీ కూకట్‌పల్లి

చెప్పినట్టే చేశాం అన్నయ్యగారూ. నిండి ఉన్నంతసేపూ ఏమీ కారలేదు. వదలగానే పై నట్టు కింద నుంచి ధార కట్టింది. మీరన్నట్టే ఆర్‌ఓ ట్యూబు కూడా పైపులోకే దూర్చారు, అక్కడా సన్నగా తడి వస్తోంది. పైపు ఒకచోట నొక్కుకుపోయి ఉంది. వాషర్ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా? ఎమ్‌సీల్ సంగతేంటి?

జవాబు (విజయవాడ నుంచి)

చిల్లి పెట్టిన పైపు, అందులోనూ నొక్కుకుపోయింది. మొత్తం మార్చెయ్యండి. నట్టూ వాషరూ కలిపే వస్తాయి. షాపును బట్టి ధర మారినా పెద్దగా పెట్టాల్సిన వస్తువు కాదు.

ఎమ్‌సీల్ వద్దు. అది గట్టిపడ్డాక రాయిలా ఉంటుంది, ఈ పైపేమో మెత్తగా కదులుతుంది. వేడినీళ్లు పోసినప్పుడు ఒకలా, గిన్నెల బరువుకి సింక్ అదిరినప్పుడు ఒకలా. పైగా సబ్బు జిడ్డు ఉన్న తడి ప్లాస్టిక్‌కి అది పట్టదు. పట్టినా ఇంకో బాధ, తర్వాత నట్టు విప్పలేరు, కోసి తీయాల్సిందే. ప్లంబర్ వచ్చేదాకా ఆగాలంటే కింద టబ్బు పెట్టుకోవడమే నయం.

విప్పే ముందు టబ్బు పెట్టండి, పైపు మడతల్లో మురికినీళ్లు నిలిచి ఉంటాయి. కింద నుంచి పైకి చూస్తూ, గడియారం ముల్లుకి ఎదురు దిశలో నట్టు తిప్పాలి. ఇక్కడే జాగ్రత్త: రెండో చేత్తో జాలీ కింది గొట్టాన్ని కదలకుండా పట్టుకోండి. అది కూడా నట్టుతో పాటు తిరిగిందంటే, ఇప్పటిదాకా బాగున్న పై వాషర్ కూడా కదిలి కొత్త లీకు మొదలవుతుంది. నట్టు జారుతుంటే రబ్బరు గ్లవ్ వేసుకుని తిప్పండి. అప్పటికీ రాకపోతే వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచండి. ప్లాస్టిక్ నట్టు మీద ఇనప పానా బలం చూపిస్తే అది నిలువునా చీలుతుంది.

పాత పైపును కవర్లో వేసుకుని షాపుకి పట్టుకెళ్లండి. ఒకటింపావు అంగుళం (32 మి.మీ.), ఒకటిన్నర అంగుళం (40 మి.మీ.) రెండు సైజులు దొరుకుతాయి. వంటింటి సింక్‌కి ఎక్కువగా రెండోదే ఉంటుంది గానీ నోటిమాటగా అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నొక్కితే అణిగిపోయే పల్చటిది తీసుకోకండి. మరీ పొడవుదీ వద్దు, మిగిలిన పొడవు కింద వేలాడి, అందులో అన్నం మెతుకులూ జిడ్డూ పేరుకుంటాయి.

పాత వాషర్‌ని రెండు వేళ్ల మధ్య పెట్టి వంచి చూడండి. బిగుసుకుపోయి, వంచిన చోట సన్న పగుళ్లు కనిపిస్తే ధార ఎందుకు కట్టిందో మీకే అర్థమవుతుంది. మీవారు నట్టు బిగించారన్నారు కదా, ఎండిపోయిన రబ్బరు మీద ఎంత బిగించినా లాభం లేదు. నీళ్లు ఆపేది వాషరే, నట్టు దాన్ని నొక్కి పట్టుకుంటుందంతే.

జాలీ కింది గొట్టం అంచు పీచుతో రుద్ది, జిడ్డు లేకుండా తుడవండి. కొత్త వాషర్ చదునుగా ఉంటే ఎటు పెట్టినా ఒకటే. ఏటవాలుగా ఉంటే మందపాటి వైపు నట్టుకి ఆనాలి, సన్న అంచు లోపలికి దూరాలి. నట్టు ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. చిన్నగా 'టక్'మని దిగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకి తిప్పితే మర సరిగ్గా పడుతుంది. మొదటి చుట్టే బిగుతుగా ఉందంటే పక్కకి ఎక్కుతోందన్నమాట, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. చేత్తో ఎంత బిగిస్తే అంత. అప్పటికీ చెమ్మ కనిపిస్తే గుడ్డ అడ్డం పెట్టి పావు చుట్టు, అంతకు మించి వద్దు.

టెఫ్లాన్ టేప్ (మరలకి చుట్టే తెల్లటి సన్న టేపు) ఈ నట్టుకి అక్కర్లేదు. మరీ మందంగా చుడితే నట్టు పూర్తిగా కూర్చోదు కూడా. ట్యాపులకీ యాంగిల్ కాక్‌లకీ దాచుకోండి.

ఆర్‌ఓ ట్యూబుని కొత్త పైపులోకి మాత్రం పోనివ్వకండి. గట్టు మీంచి సింక్‌లోకి వదలండి, లేదా బకెట్‌లో పట్టుకోండి. ఇల్లు తుడవడానికీ బాత్రూం కడగడానికీ పనికొస్తాయి.

గుంటూరు నుంచి ఒక మాట

చెల్లీ, నొక్కుకుపోయిన చోటు కరిగినట్టు ఉందా, కొరికినట్టు ఉందా? మాకు ప్రతి వానాకాలం ఎలుకల పనే. నేలకి జానెడు ఎత్తులో పళ్ల గాట్లు కనిపిస్తాయి. పైపు దిగే రంధ్రం చుట్టూ సందు ఉంటే అక్కడి నుంచే వస్తాయి. గిన్నెలు తోమే స్టీల్ పీచు ఆ సందులో గట్టిగా కుక్కేశాను, ఆ తర్వాత రాలేదు. కరిగినట్టు ఉంటే మాత్రం గంజి పుణ్యమే.

జవాబు (విజయవాడ నుంచి)

గుంటూరు అక్కగారు చెప్పింది నిజం. పీవీసీ 80 డిగ్రీల లోపే మెత్తబడటం మొదలుపెడుతుంది. అప్పుడే వార్చిన గంజి అంతకంటే వేడిగా ఉంటుంది. గంజి, నూడుల్స్ నీళ్లు, కుక్కర్‌లో మిగిలిన మరిగే నీళ్లు పారబోసేటప్పుడు పక్కన చన్నీళ్ల ట్యాపు తిప్పి ఉంచండి. గంజి ఇంకో పని కూడా చేస్తుంది. చల్లారాక జిగటగా మారి, జిడ్డునీ కాఫీ పొడినీ పైపు మడతలకి అంటిస్తుంది.

టెక్సాస్ నుంచి

అన్నా, మాకిక్కడ గట్టి ప్లాస్టిక్ పైపు, వంపు తిరిగి ఉంటుంది. వంపు దగ్గర నట్టు నుంచి కారుతోంది. ఇదే పద్ధతేనా? పైపులు క్లీన్ చేసే పౌడర్ నిన్న రాత్రే పోశాను.

జవాబు (విజయవాడ నుంచి)

పద్ధతి అదే తమ్ముడూ, ఏటవాలు వాషర్, చేతి బిగువు. ఆ వంపులో నీళ్లు నిలిచి ఉండటం మంచిదే, డ్రైనేజీ వాసన పైకి రాకుండా ఆపేది అదే. కానీ ఇవాళ విప్పొద్దు. ఆ పౌడర్లలో సాధారణంగా కాస్టిక్ సోడా ఉంటుంది. వంపులో నిలిచిన ద్రావణం ముఖం మీద పడితే చర్మం కాలుతుంది, కళ్లు పోతాయి. ముందు చన్నీళ్లు ధారాళంగా చాలాసేపు వదలండి. విప్పేటప్పుడు కళ్లని పూర్తిగా కప్పే అద్దాలూ గ్లవ్సూ తప్పనిసరి. దాని మీద యాసిడ్ గానీ బ్లీచింగ్ గానీ చచ్చినా పొయ్యొద్దు.

మళ్లీ కూకట్‌పల్లి

కొత్త పైపు వేశాం! పైన ఒక్క చుక్క కూడా లేదు. పాతదాని మీద గాట్లేం లేవక్కా, కరిగినట్టే ఉంది. ఇప్పుడు కొత్త గొడవ: సింక్ నింపి వదిలితే పైపు నేలలోకి దిగే చోట నీళ్లు పైకి పొంగుతున్నాయి. సిమెంటు పెట్టి మూసెయ్యమంటారా?

జవాబు (విజయవాడ నుంచి)

వద్దమ్మా. అది లీకు కాదు, కింద అడ్డు పడింది. పాత పైపు కారినన్నాళ్లూ కొంత నీరు అల్మారాలోకి పోయింది కాబట్టి మీకు తెలియలేదు. ఇప్పుడు మొత్తం ఒకేదారి పడుతోంది. పైపు మూతిని పైకి లాగి, రంధ్రంలోకి డ్రైనేజీ స్ప్రింగ్ తిప్పుతూ దించండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. నల్లటి జిడ్డు ముద్ద వస్తుంది, భయపడకండి. వచ్చాక రెండు బకెట్లు ఒకేసారి పోసి చూడండి.

మీరు నీళ్లు వాడని సమయంలో కూడా పొంగుతుంటే మాత్రం అది మీ ఫ్లాట్‌ది కాదు. పై అంతస్తుల నీళ్లు దిగే ఉమ్మడి లైను మూసుకుపోయినట్టు. అసోసియేషన్ వాళ్లకి ఫోన్ చెయ్యండి, అది వాళ్ల ఖర్చు.

అడ్డు పోయాక మూతి దగ్గర సందుకి సిమెంటు కాకుండా రబ్బరు రింగు తొడగండి. వాసనా బొద్దింకలూ ఆగుతాయి, మళ్లీ అవసరమైతే లాగితే వచ్చేస్తుంది. బిల్లు, పాత పైపు ఫోటో ఓనర్ గారికి వాట్సాప్ చెయ్యండి. అద్దెలో తగ్గించుకోమంటే మంచిదే, లేకపోయినా ఇల్లు ఖాళీ చేసేరోజు మీరే పాడుచేశారనకుండా ఉంటారు.