ఒక్క టోర్నీ గెలిస్తే గ్రాండ్‌స్లామ్ గెలిచినట్టేనా?

బేస్‌లైన్:
టెన్నిస్ ఆటగాడు నొవాక్ జొకోవిచ్ సింగిల్స్‌లో 24 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడని పత్రికలు రాస్తుంటాయి. ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ నాలుగింటినీ గెలవడమే గ్రాండ్‌స్లామ్ అని పట్టుబట్టేవారి లెక్కలో అతడి ఖాతాలో ఒక్కటీ లేదు. ఏ వాడుక సరైనదో సభ్యులు కారణాలతో సహా చెప్పగలరా?

పచ్చికకోర్టు:
రెండోదే సరైనది. బ్రిడ్జ్ పేకాటలో మొత్తం 13 ట్రిక్కులనూ ఒకే పక్షం గెలుచుకుంటే గ్రాండ్‌స్లామ్ అంటారు; ఒక్కటి చేజారినా ఆ పేరు దక్కదు. టెన్నిస్‌లోకి ఈ మాట 1933లో వచ్చింది. ఆ ఏడు జాక్ క్రాఫర్డ్ మొదటి మూడు టోర్నీలూ గెలిచి, అమెరికా ఛాంపియన్‌షిప్ (నేటి యూఎస్ ఓపెన్) ఫైనల్లో ఫ్రెడ్ పెర్రీ మీద రెండు సెట్లు ఒకటితో ఆధిక్యంలోకి కూడా వెళ్లి, చివరి రెండు సెట్లను 0-6, 1-6తో పోగొట్టుకున్నాడు. అందుకే ఆయన మూడు టైటిళ్లు గెలిచినవాడిగా కాక, గ్రాండ్‌స్లామ్‌ను చేజార్చుకున్నవాడిగా గుర్తుండిపోయాడు. దాన్ని తొలిసారి సాధించింది 1938లో డాన్ బడ్జ్. ఆ తర్వాత పెద్దల సింగిల్స్‌లో, వీల్‌చైర్ విభాగాన్ని మినహాయిస్తే, మౌరీన్ కనోలీ (1953), రాడ్ లేవర్ (1962, 1969), మార్గరెట్ కోర్ట్ (1970), స్టెఫీ గ్రాఫ్ (1988) మాత్రమే ఆ జాబితాలో చేరారు. టోర్నీకొకటి చొప్పున పంచిపెడితే ఈ ఘనతకు వేరే పేరు వెతుక్కోవలసి వస్తుంది.

ఐదోసెట్టు:
పచ్చికకోర్టు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే నాలుగు టోర్నీల నిర్వాహకులు ఉమ్మడిగా వెలువరించే నియమావళి పేరులోనే గ్రాండ్‌స్లామ్ అన్న మాట ఉంది, ఆ నాలుగింటినీ గ్రాండ్‌స్లామ్ టోర్నీలనే పిలుస్తారు. ఆట నడిపేవారే అంగీకరించిన వాడుకను తప్పనడం చాదస్తం.

నాకు అసలు అభ్యంతరం క్యాలెండర్ సంవత్సరం అన్న షరతు మీదే. 1977 నుంచి 1985 వరకు ఆస్ట్రేలియన్ ఓపెన్ ఏడాది చివర జరిగేది. మార్టినా నవ్రతిలోవా 1983 డిసెంబరులో అక్కడ గెలిచి, 1984లో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ వరుసగా నెగ్గింది. 1984 డిసెంబరులో ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్లో హెలెనా సుకోవా చేతిలో ఓడింది. ఇప్పటిలాగా ఆ టోర్నీ జనవరిలో జరిగే రోజులైతే, ఆమె గెలిచిన అవే నాలుగు టైటిళ్లు ఒకే సంవత్సరం కిందికి వచ్చేవి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కూడా అప్పట్లో నాలుగు టైటిళ్లు వరుసగా గెలిస్తే చాలని 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించి, 1984లో ఆమెకే ఇచ్చింది. నిర్వాహకులు తేదీలు మార్చుకుంటే మారిపోయే షరతును ఘనతకు కొలమానంగా ఎలా తీసుకుంటాం? ఇలాగే రెండేళ్ల మీదుగా నాలుగింటినీ వరుసగా గెలిచి 2002-03లో సెరెనా విలియమ్స్, 2015-16లో జొకోవిచ్ సాధించినవి కూడా నా దృష్టిలో గ్రాండ్‌స్లామ్‌లే.

పచ్చికకోర్టు:
నవ్రతిలోవా విషయంలో మీ వాదన బలమైనదే. కానీ ఆ సంవత్సరపు తేదీలు ఆటగాళ్లందరికీ ముందే తెలుసు. జనవరిలో మొదలైన లెక్క సెప్టెంబరుకు చేరేసరికి ఎంత బరువెక్కుతుందో 2015 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో సీడింగ్ లేని రొబెర్టా విన్సీ చేతిలో ఓడిన సెరెనాను, 2021 ఫైనల్లో మెద్వెదెవ్‌కు వరుస సెట్లలో తలవంచిన జొకోవిచ్‌ను చూస్తే తెలుస్తుంది. రెండు సంవత్సరాల మీదుగా సాగే వరుసలో ఆ ఒత్తిడి అంతగా ఉండదు. టోర్నీ పేరు సంగతికి వస్తే, ‘గ్రాండ్‌స్లామ్ టైటిల్’ అని రాయడానికి నాకు అభ్యంతరం లేదు. ‘24 గ్రాండ్‌స్లామ్‌లు’ అన్న క్లుప్తీకరణే వద్దంటున్నాను.

బేస్‌లైన్:
మరి డబుల్స్ మాటేమిటి? 1998లో మార్టినా హింగిస్ నాలుగు డబుల్స్ టైటిళ్లనూ గెలిచింది గానీ, ఆస్ట్రేలియాలో భాగస్వామి మిర్యానా లూచిచ్, మిగతా మూడింటిలో యానా నొవోత్నా.

పచ్చికకోర్టు:
అది హింగిస్ ఒక్కరి గ్రాండ్‌స్లామ్, జోడీది కాదు.